నోటు వెనక బొమ్మతో మొదలుపెడితే ఎలా ఉంటుంది? మూడు, నాలుగు తరగతుల చారిత్రక కట్టడాల ప్రాజెక్టు

పలకాబలపం | ఆదివారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. గుంటూరు జిల్లాలో ఒక మండల పరిషత్ బడిలో మూడు, నాలుగు తరగతులు చూస్తాను. పరిసరాల విజ్ఞానంలో ఏటా "మన చారిత్రక కట్టడాలు" అని ఒక ప్రాజెక్టు ఇస్తాం కదా, దాని గురించే ఈ పోస్టు.

ఇన్నాళ్లూ వచ్చేది ఒకటే సరుకు. స్టేషనరీ షాపులో బొమ్మల చార్ట్ కొంటారు. తాజ్‌మహల్, ఎర్రకోట, కుతుబ్ మినార్, గేట్‌వే ఆఫ్ ఇండియా కత్తిరించి డ్రాయింగ్ షీట్ మీద అతికిస్తారు. చుట్టూ స్కెచ్ పెన్నుతో బోర్డరు. చార్ట్ వెనక నాలుగు లైన్ల సమాచారం ఉంటుంది. అతికించాక అది కనబడదు కాబట్టి అమ్మ ముందే కూర్చుని దాన్ని షీట్ మీదికి ఎక్కించేస్తుంది. "కుతుబ్ మినార్ ఎక్కడుందిరా?" అని అడిగితే పిల్లాడు షీట్ మీద వేలు పెట్టి చూపిస్తాడు. వాడి తప్పేం లేదు, అక్కడే ఉంది మరి.

ఈసారి చార్ట్ వద్దన్నాను. ఇంట్లోంచి పది, ఇరవై, యాభై నోట్లు తెమ్మన్నాను. వంద, రెండు వందలు, ఐదు వందలు నేనే తెచ్చాను. 2016 నుంచి వచ్చిన కొత్త నోట్లలో వీటన్నిటి వెనకా ఒక్కో కట్టడం ఉంది. 10 మీద కోణార్క్ సూర్యదేవాలయం, 20 మీద ఎల్లోరా, 50 మీద హంపి రాతిరథం, 100 మీద గుజరాత్‌లోని రాణీ కీ వావ్ అనే మెట్లబావి, 200 మీద సాంచీ స్తూపం, 500 మీద ఎర్రకోట. జట్టుకు ఒక నోటు, ఒక భూతద్దం ఇచ్చాను.

మొదటి పీరియడ్‌లో చదవడం లేదు, రాయడం లేదు, చూడటమే. పేర్లు కూడా చెప్పలేదు. ఏం కనబడుతోంది, ఏం అర్థం కావట్లేదు, ఈ రెండే అడిగాను. పది రూపాయల జట్టు చక్రం ఆకులు లెక్కపెడుతూ తమలో తాము కొట్లాడుకుంది. వంద రూపాయల జట్టులో ఒకమ్మాయి "టీచర్, ఇది గుడి కాదు, కిందికి పోతోంది" అంది. ఇంకొకడు భాషల పట్టీలో తెలుగు వెతికి, కింది నుంచి రెండోది మనదే అని అరిచాడు. అది ప్రాజెక్టులో లేదు గానీ, ఆ అరుపుతో క్లాసంతా నోట్లను కళ్లకు ఆనించుకుంది.

రెండో పీరియడ్‌లో జట్టుకు మూడు ప్రశ్నలు రాసుకోమన్నాను. ఆ తర్వాతే ఒక్కో కట్టడం మీద నేను రాసిన పది లైన్ల కాగితం ఇచ్చాను. నోటుబుక్కులో మూడు గళ్లు గీయించాను: చూసింది, విన్నది, చదివింది. ఏ వాక్యమైనా అది ఏ గడిలోదో తేల్చుకునే రాయాలి.

మీలో ఎవరైనా ఇలాంటిది చేశారా? నాకు ఇబ్బంది రెండు చోట్ల. పిల్లలు సొంతంగా చదవగలిగే తేలిక తెలుగులో సమాచారం దొరకడం లేదు. ఇంట్లో విన్న కథల్ని ఏం చేయాలో తేలడం లేదు.

మియాపూర్ అమ్మ | ఆదివారం, రాత్రి 9.42

టీచర్ గారూ, మీ బడిలో మా పాపకు సీటు ఉందా 🙂

మా పాపది మూడో తరగతి, ప్రైవేటు స్కూల్. పోయిన నెల రాత్రి ఎనిమిదికి గ్రూపులో మెసేజ్: రేపటికల్లా ఏదైనా మాన్యుమెంట్ త్రీడీ మోడల్ తేవాలి. థర్మాకోల్ కోసం ఆయన బండేసుకుని తిరిగారు. చివరికి ఒక షాపులో తయారుగా ఉన్న తాజ్‌మహలే దొరికింది. ఆ షాపాయన "ఇవాళ ఇది నాలుగోదండీ" అన్నాడట. మా పాప పదింటికే నిద్రపోయింది. మర్నాడు పిల్లలందరూ తాజ్‌మహళ్లు పట్టుకుని బస్సెక్కారు.

రిటైర్డ్ క్యాషియర్ | ఆదివారం, రాత్రి 10.15

టీచరమ్మా, మంచి ఆలోచన. నా ఉద్యోగమంతా నోట్లు లెక్కపెట్టడమే. వెనక బొమ్మ చూసే తీరిక మాత్రం రిటైరయ్యాకే దొరికింది.

కొన్ని జాగ్రత్తలు చెబుతాను. నోటు మీద పెన్నుతో రాయనివ్వకండి, పిన్ను కొట్టనివ్వకండి. చార్ట్ మీద అతికించడానికి కలర్ జిరాక్స్ అసలు తీయించకండి. నోటును పోలిన కాగితం తయారుచేయడం చట్టప్రకారం నేరం, పిల్లల ప్రాజెక్టు కోసం అంటే కుదరదు. చూసి గీయమనండి, అదే మంచిది.

పాత సిరీస్ నోట్లు కూడా చెల్లుతున్నాయి కాబట్టి పిల్లలు అవీ తెస్తారు. పాత 50 మీద పార్లమెంటు ఉంటుంది, 100 మీద కాంచనజంగ, 10 మీద పులి, ఏనుగు, ఖడ్గమృగం. పార్లమెంటు నోటు దొరికితే పక్కన పెట్టుకోండి. 1927లో ప్రారంభమైన ఆ గుండ్రటి భవనాన్నీ, 2023లో పక్కనే ప్రారంభించిన కొత్త భవనం ఫొటోనూ కలిపి చూపిస్తే అదే ఒక పాఠం.

నాణేల మీద సింహాల్నీ వదలకండి. సారనాథ్‌లోని అశోక స్తంభం మీద సింహాలు నాలుగు. నాణెం మీద కనిపించేవి మూడే. నాలుగోది ఎక్కడుందో మా మనవణ్ణి అడిగితే వాడు నాణెం తిప్పి చూశాడు.

ప్రశ్నార్థకం | సోమవారం, ఉదయం 6.50

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి కొంచెం అడ్డు చెబుతాను, ఏమనుకోకండి. నేనూ టీచర్నే, సెక్షన్‌కు 45 మంది పిల్లలు. పీరియడ్ 40 నిమిషాలు. సిలబస్ అయిందా అని వారం వారం అడుగుతారు. ఒక నోటు చూడటానికి పీరియడంతా పెడితే పాఠం ఎప్పుడు చెప్పాలి?

ఇంకోటి. ఎనిమిదేళ్ల పిల్లలకు ఆధారాలు, మూడు గళ్లు అవసరమా? ఆ వయసుకు కథ కావాలి. షాజహాన్, ముంతాజ్, యమున ఒడ్డు అంటూ చక్కగా చెబితే గుర్తుంటుంది. పరిశోధన అంటూ ఇప్పటి నుంచే టెన్షన్ పెట్టడం దేనికి? పైగా ప్రతి ఇంట్లోనూ ఫోన్ ఉంది. మైకు నొక్కి అడిగితే అదే చదివి వినిపిస్తుంది.

పలకాబలపం | సోమవారం, మధ్యాహ్నం 1.05

(భోజనాల దగ్గర కూర్చుని రాస్తున్నాను, మధ్యలో ఆగితే పప్పు వడ్డించడానికి వెళ్లానని అనుకోండి.)

ప్రశ్నార్థకం గారూ, కథ వద్దని నేను అనలేదు. కథ విన్నది గడిలో ఉంటుంది. చదివింది గడిలోకి దూకకుండా చూసుకోవడమే నా పని.

ఐదు వందల జట్టులో జరిగింది చెబుతాను. ఎర్రకోట కట్టించింది షాజహాన్ అని నా కాగితంలో చదవగానే ఒకడు లేచి, "టీచర్, తాజ్‌మహల్ కట్టినోళ్ల చేతులు నరికించింది ఈయనేగా, మా మామయ్య చెప్పాడు" అన్నాడు. అబద్ధం అనేస్తే మామయ్య పరువు పోతుంది. కాబట్టి బోర్డు మీద మూడు లైన్లు రాశాను. తాజ్‌మహల్ పని 1632లో మొదలైంది, ప్రధాన సమాధి 1648 నాటికి పూర్తయింది. ఎర్రకోట పని 1639లో మొదలై 1648లో అయింది. ఢిల్లీలో జామా మసీదు 1650లో మొదలై 1656లో అయింది. "ఇవన్నీ ఒకే రాజు కట్టించాడు. ఇప్పుడు మీరేమైనా అడుగుతారా?" అన్నాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక బెంచీలోంచి "చేతులు నరికేస్తే మసీదు ఎవరు కట్టారు?" అని వచ్చింది. మామయ్య కథ చెప్పినవాడే "అయితే మామయ్యని అడిగొస్తా" అన్నాడు. తాజ్ శిల్పిగా చరిత్రకారులు చెప్పే ఉస్తాద్ అహ్మద్ లాహోరీ పేరే ఎర్రకోటకూ వినబడుతుందని అప్పుడు చెప్పాను. చేతులు నరికించారనడానికి చరిత్రలో ఆధారమేదీ లేదని కూడా చెప్పాను. అప్పటికే ఆ ప్రశ్న వాళ్లదైపోయింది కాబట్టి చెవులు అప్పగించి విన్నారు.

టెన్షన్ అన్నారు. కంఠస్థం చేసిన పేరాను అందరి ముందూ అప్పజెప్పమంటే వచ్చేదే టెన్షన్. నోటు చూసి తోచింది చెప్పమంటే ఎవరూ బిగుసుకుపోలేదు.

ఫోన్ విషయం: వద్దనడం లేదు. ఫోన్ చెప్పింది కూడా విన్నది గడిలోనే రాయమన్నాను.

మియాపూర్ అమ్మ | సోమవారం, మధ్యాహ్నం 1.30

ఫోన్ చెప్పింది విన్నది గడిలో!! ఇది మా ఇంట్లో పెద్దవాళ్లకు కూడా పెట్టాలి, వాట్సాప్‌తో సహా.

సీమ సార్ | సోమవారం, రాత్రి 8.20

నాది హిందూపురం దగ్గర. మా పిల్లలకు లేపాక్షి బాగా దగ్గర, అదే చిక్కు. ఎప్పుడూ చూసేదే కాబట్టి చూడరు. "మా పెద్దమ్మోళ్ల ఊరు సార్, అక్కడ నంది ఉంది" అంటారు, అంతే.

ఒక శనివారం నో బ్యాగ్ డే నాడు బడి ఆవరణలో ఆ నందిని గీయించాను. ఒకే రాయిలో చెక్కిన నంది అది, సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. టేపు పట్టి, సుద్దముక్కతో మొదట పొడవు గీశారు. హెచ్‌ఎం గది గుమ్మం దగ్గర మొదలైన గీత నీళ్ల ట్యాంకు దాకా పోయింది. ఎత్తు గీయడానికి గోడ సరిపోలేదు, మా తరగతి గది కప్పు కంటే నంది ఎత్తు. "సార్, అంత రాయి ఎక్కడినించి తెచ్చినారు?" అని అడిగినారు. తెచ్చినారా, అక్కడే ఉన్న గుండును చెక్కినారా అని తిరిగి అడిగినాను. తర్వాత ఊరెళ్లిన పిల్లలు నంది చుట్టూ నేలను చూసి వచ్చి, అక్కడ ఇంకా గుండ్లు ఉన్నాయని చెప్పినారు. ఎనిమిదేళ్లకు అంతకంటే పరిశోధన ఏముంటుంది?

గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణల కథ, గోడ మీద కళ్ల మరకల కథ, వేలాడే స్తంభం కథ, అన్నీ ఇళ్లలో వింటూనే ఉంటారు. స్తంభం కింద పలుచటి గుడ్డ దూర్చి లాగడం పిల్లలు కళ్లారా చూసిందే, కాబట్టి అది చూసింది గడి. ఎవరో దొర దాన్ని కదిలించబోయాడన్నది విన్నది గడి. ఇది పంచుకోవడంలో వాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. మనకే ఉంటుంది.

యాభై నోటు జట్టుకు ఒక మాట. హంపి విఠలాలయం రథం ముందు ఇప్పుడు రెండు ఏనుగులున్నాయి. దగ్గరి నుంచి తీసిన పెద్ద ఫొటో ఒకటి ప్రింట్ తీసి ఇవ్వండి. ఏనుగుల వెనక గుర్రాల కాళ్లు, తోకలు కనబడతాయి. మొదట అక్కడ గుర్రాలుండేవి. ఇది మాత్రం ముందే చెప్పేయకండి, దయచేసి. వాళ్లే పట్టుకోవాలి. ఇంకా పెద్ద తరగతైతే, 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా తీసిన హంపి ఫొటోల్లో ఇదే రథం పైన ఇటుకల శిఖరం ఉంటుంది, ఇప్పుడు లేదు. రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి తేడాలు కనిపెట్టమంటే చాలు, వారపత్రికల్లో ఉండే ఆటే.

పాతబస్తీ | సోమవారం, రాత్రి 9.05

సీమ సార్ చెప్పింది మా దగ్గర డబుల్. మా పిల్లలు కొందరికి చార్మినార్ ఇంటి మేడ మీద నుంచి కనబడుతుంది. ప్రాజెక్టులో మాత్రం తాజ్‌మహలే తెస్తారు!

మేం ఎత్తుతో మొదలుపెట్టినం. చార్మినార్ ఎత్తు ఒక చోట 56 మీటర్లు అని, ఇంకో చోట 48.7 మీటర్లు అని ఉంటది. రెండూ అచ్చులోనే ఉన్నయి. పిల్లలకు రెండు కాగితాలు ఇచ్చి, ఏది నమ్ముతరు అని అడిగిన. ఒకరు పెద్ద నంబర్ కరెక్ట్ అన్నరు, ఒకరు పాయింట్ ఉన్నది కరెక్ట్ అన్నరు (ఇది నాకు మస్తు నచ్చింది). ఒక పాప మాత్రం "ఎక్కడి నుంచి ఎక్కడి దాకా కొలిచిన్రు?" అని అడిగింది. ఆ పాప మూడో తరగతి.

గడియారాలు కూడా మంచి ఆధారం. కట్టడం 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించింది. నాలుగు దిక్కుల గడియారాలు 1889లో పెట్టినవి. అంటే దాదాపు 300 ఏండ్లు గడియారం లేని చార్మినార్. పిల్లలను పాత బొమ్మ గీయమంటే ముందు గడియారం తుడిచేయాలె.

ఎందుకు కట్టిన్రు అన్నదానికి, ప్లేగు పోయిన గుర్తుగా అన్న కథ అందరికీ తెలుసు. కొత్త నగరానికి నడిబొడ్డుగా కట్టిన్రు అని కొందరు, హిజ్రీ వెయ్యో సంవత్సరం గుర్తుగా అని కొందరు అంటరు. మూడూ బోర్డు మీద రాసి, ముందట "అని చెబుతారు" అని పెట్టించిన. ఒక్కటే జవాబు కావాలని పిల్లలు పట్టుబట్టలేదు. పట్టుబట్టింది పేరెంట్సే, పరీక్షల ఏది రాయాలె సార్ అని.

ప్రశ్నార్థకం | సోమవారం, రాత్రి 9.30

చూశారా, అదే నేననేది. పరీక్షలో ఏది రాయాలి?

ఓరుగల్లు | సోమవారం, రాత్రి 10.00

పుస్తకంలో ఉన్నది రాయాలి, బుర్రలో మూడూ ఉండాలి. పెద్ద పరీక్షలకు మనం చదివింది కూడా అట్లనే కదా.

మాది హన్మకొండ. మా బడిలో రామప్ప మీద చేసినం, ఒక బకెట్ నీళ్లతో. పాలంపేటలో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, శాసనం 1213 నాటిది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఈ సంగతులు పిల్లలు రేడియో లెక్క అప్పజెప్తరు. "శిఖరం ఇటుకలు నీళ్ల మీద తేలుతయ్" అని కూడా చెప్తరు. అయితే మామూలు ఇటుక ఏం చేస్తది? ఎవరూ చెప్పలేదు. ఇల్లు కడుతున్న కాడ నుంచి ఒక ఇటుక తెచ్చి బకెట్‌లో వేసినం. బుడగలు బుడగలుగా గాలి వదులుకుంట మునిగింది. ఆ బుడగలు చూసినంక, ఇటుక లోపల సందులు ఉంటయని, ఆ సందులు చాలా ఎక్కువుంటే బరువు తగ్గుతదని వాళ్లకే తట్టింది. గుడి మీద బరువు ఎందుకు తగ్గించిన్రు అన్నది తర్వాతి ప్రశ్న. కింద ఇసుక నింపిన పునాది ఉందని అప్పుడు చెప్పిన.

ఒక్కటే కోరిక: రామప్పకు తీసుకపోతే పిల్లల్ని శిల్పాలు ముట్టనీయకుండ్రి. నల్లరాతి మదనికలను (ఆడవాళ్ల శిల్పాలు) చూసి ఎవరికైనా చేయి వేయాలనే అనిపిస్తది.

లండన్ బాబాయి | మంగళవారం, తెల్లవారుజాము 3.40

ఇక్కడ రాత్రి. ఈ చర్చ చదువుతుంటే రాయకుండా ఉండలేకపోయాను.

మా ఇద్దరు పిల్లలూ ఇక్కడే పుట్టారు. వాళ్లకు గుంటూరు అంటే నానమ్మ ఊరు, ఎండ. మొన్నటి సెలవుల్లో బ్రిటిష్ మ్యూజియంకు తీసుకెళ్లాను. అక్కడ 33ఏ గది మొత్తం అమరావతి స్తూపం శిల్పాలే. పలనాటి సున్నపురాయి. పెద్దవాడు బోర్డు చదివి "నాన్నా, ఇది నానమ్మ ఊరి దగ్గరది కదా, ఇక్కడికెందుకొచ్చింది?" అన్నాడు. మ్యూజియంలో అప్పటిదాకా ఈజిప్టు మమ్మీల చుట్టూ తిరిగిన పిల్లాడు ఈ గదిలోంచి కదల్లేదు.

జవాబు నేను చెప్పలేదు. వాడికి రెండు తేదీలు ఇచ్చాను: 1797లో కాలిన్ మెకంజీ అనే బ్రిటిష్ అధికారి అక్కడికి వెళ్లి చూశాడు, 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఇంకో అధికారి తవ్వించి రాళ్లను మద్రాసు పంపించాడు. మిగతాది ఇంటికొచ్చాక వాడే మ్యాప్ మీద గీసుకున్నాడు: అమరావతి, మద్రాసు, లండన్. కొన్ని రాళ్లు ఇప్పటికీ చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయని తెలిసి, "అయితే స్తూపం మూడు చోట్ల ఉందా?" అన్నాడు. తిరిగివ్వాలా వద్దా అన్నది కూడా అడిగాడు. దాని మీద మా ఇంట్లో ఇంకా గొడవ నడుస్తోంది, మా ఆవిడది ఒక పక్షం, నాది ఇంకోటి.

పలకాబలపం | మంగళవారం, ఉదయం 7.15

లండన్ బాబాయి గారూ, ఇది చదివి నా ప్లానే మారిపోయింది. మేం అమరావతికి ఆటోలో పోయేంత దగ్గర. పిల్లల్ని తీసుకెళితే ఎప్పుడూ ఒకటే మాట: "ఏముంది టీచర్ ఇక్కడ, దిబ్బేగా." నిజమే, అక్కడ ఇప్పుడు కనిపించేది గుండ్రటి అడుగుభాగమే.

మీరన్న గదిలోనే, స్తూపం చుట్టూ బిగించిన పలకల్లో కొన్నిటి మీద స్తూపం బొమ్మే చెక్కి ఉంటుంది. గుమ్మటం, చుట్టూ ప్రాకారం, ద్వారం దగ్గర స్తంభాలు, సింహాలు, మొక్కుతున్న మనుషులు. అంటే కట్టినవాళ్లే తమ కట్టడం ఎలా ఉంటుందో రాతి మీద గీసి పెట్టారు. ఆ పలక ఫొటో చేతికిచ్చి, దిబ్బ దగ్గర నిలబెట్టి, ఏది ఎక్కడ ఉండేదో చూపించమంటే సరిపోతుంది కదా! వీలుంటే మీ అబ్బాయి గీసిన మ్యాప్ ఇక్కడ పెట్టండి, మా పిల్లలకు చూపిస్తాను. పేరు తీసేసి పెట్టండి.

హైస్కూల్ సోషల్ | మంగళవారం, మధ్యాహ్నం 12.40

200 నోటు గురించి ఎవరూ మాట్లాడలేదు. సాంచీకి మనకూ చుట్టరికం ఉంది. దక్షిణ తోరణం మీద ఒక చిన్న శాసనం ఉంది. శాతకర్ణి రాజు దగ్గరి శిల్పుల పెద్ద, వాసిఠి కొడుకు ఆనందుడు ఇచ్చిన దానం అని. శాతవాహనులన్నమాట. అదే తోరణం మీద విదిశ దంతపు పనివాళ్లు చెక్కారని ఇంకో శాసనం చెబుతుంది.

ఎవరు కట్టించారు అని మాత్రమే అడిగి వదిలేస్తాం మనం. ఎవరు చెక్కారు అని అడిగితే చాలా చోట్ల పేరు ఉండదు. ఇక్కడ ఉంది. రామప్ప గుడికి కూడా శిల్పి పేరే నిలిచిందని అంటారు. చిన్నపిల్లలకు రాజుల కంటే పనివాళ్ల మీదే ఆసక్తి ఎక్కువ, గమనించండి. ఎంతమంది, ఏం తిన్నారు, మధ్యాహ్నం పడుకునేవారా, ఇవే అడుగుతారు.

గ్రంథాలయం అక్క | మంగళవారం, సాయంత్రం 5.50

తేలిక తెలుగులో సమాచారం గురించి అడిగారు కదా, దాని మీద చెబుతాను. శాఖా గ్రంథాలయంలో పనిచేస్తాను.

ప్రాజెక్టుల సీజన్‌లో పిల్లలు గుంపుగా వస్తారు. "తాజ్‌మహల్ బుక్ ఇవ్వండి ఆంటీ" అంటారు. ఇస్తే మొదటి పేజీ యథాతథంగా దించుకుని పోతారు. అందుకని ఇప్పుడు పుస్తకం ఇచ్చే ముందు "నీ ప్రశ్నేంటి?" అని అడుగుతున్నాను. ప్రశ్న లేకుండా వచ్చినవాళ్లను కాసేపు బొమ్మలు చూసి రమ్మంటాను. ప్రశ్న ఉన్నవాడికి ఒకటిన్నర పేజీ చాలు, మొత్తం పుస్తకం అక్కర్లేదు.

తెలుగు వికీపీడియాలో చాలా కట్టడాలకు వ్యాసాలున్నాయి. కానీ అవి పెద్దవాళ్ల తెలుగు. పిల్లల చేతికి నేరుగా ఇస్తే "నిర్మాణ శైలి", "వాస్తుకళ" అన్న మాటలే దించుకుంటారు. టీచర్లు మీరు చదివి, మీ క్లాసు పిల్లలు మాట్లాడే తెలుగులో తిరిగి రాసి ఇవ్వడమే దారి. పలకాబలపం మేడం చేసింది అదే. ఆ కాగితాలు ఇక్కడ పెడితే మాలాంటి వాళ్లం ప్రింట్ తీసి గోడకు పెట్టుకుంటాం.

ఒకటో, రెండో తరగతి వాళ్లకు చదివించే ప్రయత్నమే చేయకండి. వాళ్లు చెబుతారు, మనం రాయాలి. వాళ్ల మాటల్లోనే రాయాలి, దిద్దకూడదు.

ప్రశ్నార్థకం | మంగళవారం, రాత్రి 8.10

సరే, సగం ఒప్పుకుంటున్నాను. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులకు చార్ట్ ఉంటే అందంగా ఉంది, లేదు అని వేసేస్తాం. ఈ మూడు గళ్లకు ఏం చూసి వేయాలి? 45 నోటుబుక్కులు ఇంటికి మోసుకుపోవాలా?

పలకాబలపం | మంగళవారం, రాత్రి 9.00

మోయక్కర్లేదు, జట్టుకు ఒకటే పుస్తకం. నేను చూసేవి రెండే. ప్రశ్న వాళ్లదేనా, వాక్యం సరైన గడిలో ఉందా. అందానికి మార్కు లేదు. ఎల్లోరా జట్టు నోటుబుక్కు చూస్తే మీకు నవ్వొస్తుంది. చూసింది గడిలో "కొండ ఉంది, గుడి ఉంది, గుడి కొండలో ఉంది" అని రాశారు. ప్రశ్న మాత్రం "ముందు ఏది కట్టారు?" మామూలు గుడికి పునాది ముందు కదా. కైలాసనాథ గుడిని పై నుంచి కిందికి తొలిచారు, అంటే శిఖరమే ముందు. ఆ సంగతి చదివాక సబ్బుబిళ్ల తెచ్చి చెంచా కాడతో పై నుంచి చెక్కి చూశారు. ముందే విరిగిపోయింది. "తప్పు చేస్తే మళ్లీ అతికించడం కుదరదు" అని చివరి వాక్యం రాసి, అది ఏ గడిలో వేయాలో తెలీక నా దగ్గరికొచ్చారు. చేసింది అని నాలుగో గడి గీసుకోమన్నాను. దానికి పూర్తి మార్కులు వేశాను. ఎవరైనా అడిగితే ఆ సబ్బే చూపిస్తాను.

పీరియడ్ల విషయానికొస్తే, ఆరు నోట్లూ ఒకేసారి అక్కర్లేదు. 45 మంది ఉన్నచోట నేనైతే ఒక్క ఇరవై నోటు తీసుకుంటాను. అది అందరి ఇళ్లలోనూ ఉంటుంది, పోయినా గొడవ రాదు.

ఓరుగల్లు | మంగళవారం, రాత్రి 9.20

యాత్రకు పోయేవాళ్లకు: కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏండ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. తాజ్‌మహల్‌కు శుక్రవారం సెలవు. గేటు దగ్గర నీలం బోర్డు ఉంటది, 1958 చట్టం కింద జాతీయ ప్రాముఖ్యం ఉన్న కట్టడం, పాడుచేస్తే శిక్ష అని. ఆ బోర్డు పిల్లలతో చదివించుండ్రి. గోల్కొండ కోటకు కేంద్రం బోర్డు ఉంటది, పక్కనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధులు రాష్ట్ర శాఖ కింద. ఎందుకట్ల అని అడగనీయుండ్రి.

మియాపూర్ అమ్మ | ఆదివారం, సాయంత్రం 6.30

అప్‌డేట్. పాపను వంద నోటు చేతికిచ్చి సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్లబావికి తీసుకెళ్లాం. చెత్తతో పూడుకుపోయిన దాన్ని బాగుచేసి 2022లో తెరిచారు కదా. నోటు ఒక చేత్తో, రెయిలింగ్ ఒక చేత్తో పట్టుకుని చాలాసేపు పోల్చి చూసింది. "అక్కడ బొమ్మలున్నాయి, ఇక్కడ లేవు. నీళ్లకి బొమ్మలెందుకు?" అంది. నాకు జవాబు తెలీదు, ఆయనకూ తెలీదు. టీచర్ గారూ, రాణీ కీ వావ్ కాగితం ఇక్కడ పెట్టగలరా?

పలకాబలపం | ఆదివారం, రాత్రి 8.45

తప్పకుండా. పాప ప్రశ్నకు ఇందులో సగం జవాబే ఉంది, మిగతా సగం పాపతో మాట్లాడండి.

"ఇది ఒక బావి. గుజరాత్‌లోని పాటన్ ఊళ్లో ఉంది. దాదాపు వెయ్యేళ్ల కిందట కట్టారు. ఉదయమతి అనే రాణి, చనిపోయిన తన భర్త భీమరాజు గుర్తుగా కట్టించింది. నీళ్ల కోసం మెట్లు దిగుతూ వెళ్లాలి. మొత్తం ఏడు అంతస్తులు, అన్నీ కిందికే. లోతు 27 మీటర్లు, అంటే తొమ్మిది అంతస్తుల మేడంత. గుడి గోడల మీద ఉన్నట్టే దీని గోడల మీద దేవుళ్ల బొమ్మలు చెక్కారు, పెద్దవే 500 పైన ఉన్నాయి. పక్కనున్న సరస్వతి నదికి వరదలొచ్చి బావి మట్టితో పూడిపోయింది. 1980ల్లో పురావస్తు శాఖవాళ్లు ఆ మట్టి తీశారు. మట్టిలో ఉన్నా బొమ్మలు బాగున్నాయి. అలా ఎందుకు జరిగి ఉంటుంది?"

రిటైర్డ్ క్యాషియర్ | ఆదివారం, రాత్రి 9.15

ప్రింట్ తీసుకున్నానమ్మా. మనవడు ఇరవై నోటుది కూడా కావాలంటున్నాడు, ఇంట్లో సబ్బు దాచేశాం.